అడుక్కునే ఇంగ్లీషు వద్దు, అడిగే ఇంగ్లీషు కావాలి



ఎవరినైనా తిట్టే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా పెద్దయ్య పోడు క్లెయిము తిరస్కరించారని తెలిసింది. చేతికి కాగితం ఇచ్చి చెప్పలేదు. ఊరి నుంచి ఎవరో వేరే పని మీద ఆఫీసుకి పోతే "లిస్టులో మీవోడి పేరు లేదు" అన్నారట, అంతే. మూడెకరాల చెలక. మా తాత రాళ్లేరి, మొద్దులు పెకిలించి బాగుచేసిన నేల. పెద్దయ్య నన్ను పిలిచి, "నువ్వు ఇంగ్లీషు మీడియం గదరా, ఒక కాగితం రాయి. తెలుగుల రాస్తే పక్కకి పడేస్తున్నరు" అన్నాడు.

రాత్రంతా కూర్చుని రాశాను. డిక్షనరీ ముందేసుకుని, పదో తరగతి గైడు వెతికి తీసి, మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి ఫెయిర్ చేశాను. ఆ ఉత్తరం ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. "ఐ బెగ్ టు స్టేట్ దట్ వియ్ ఆర్ పూర్ ట్రైబల్ పీపుల్" అని మొదలవుతుంది. మధ్యలో "కైండ్లీ శాంక్షన్ త్రీ ఏకర్స్ ఆఫ్ ఫారెస్ట్ ల్యాండ్" అని ఉంటుంది. పెద్దయ్య నాకు చెప్పింది "మా అయ్య కాలం నుంచి దున్నుకుంటున్నం" అనే ఒక్క మాట. నేను దాన్ని ముందు పేపరు తెలుగులోకి మార్చుకున్నాను: "అడవి భూమి ఆక్రమించుకుని సాగు చేస్తున్నాం." తర్వాత "ఆక్రమించు" అనే మాటకి డిక్షనరీ చూశాను. "ఎన్‌క్రోచ్" అని ఉంది. రాసేశాను. చివర "యువర్స్ ఒబీడియంట్లీ" అని పెట్టి, కింద పెద్దయ్యతో సంతకం చేయించాను. ఆయనకి ఒక్క ముక్క చదివి వినిపించలేదు. ఇంగ్లీషు ఆయనకి ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను.

రెండు నెలలకి జవాబు వచ్చింది. ఒక్క వాక్యం. ఎన్‌క్రోచర్స్‌కి ఫారెస్ట్ ల్యాండ్ శాంక్షన్ చేసే ప్రొవిజన్ లేదు అని.

చూశారా? ఆ వాక్యంలో వాళ్ల సొంత మాటలు ఎన్ని ఉన్నాయి? "ఎన్‌క్రోచ్" నాదే, "శాంక్షన్" నాదే. నా చేతికర్రతోనే మా పెద్దయ్యని కొట్టారు.

చట్టం ఏం చెబుతుందో నాకు తెలిసింది ఆ తర్వాతే. 2006 అటవీ హక్కుల చట్టం పేరులోనే "రికగ్నిషన్" అని ఉంది. గుర్తింపు. నాలుగో సెక్షనులో ప్రభుత్వం హక్కుల్ని "రికగ్నైజెస్ అండ్ వెస్ట్స్" అని రాసి ఉంది. అంటే హక్కు ముందు నుంచీ ఉంది, నువ్వు గుర్తించలేదు, ఇప్పుడు గుర్తిస్తున్నావు అని. ఆ హక్కుల్ని గుర్తించకపోవడం చారిత్రక అన్యాయమని చట్టం పీఠికలోనే ఒప్పుకున్నారు. శాంక్షన్ అంటే నీ దగ్గర ఉన్నది నాకు దయతో ఇవ్వు అని. రెండింటి మధ్యన మూడెకరాలు ఉన్నాయి.

మూడో సెక్షనులో మన సాగుకి చట్టం వాడిన మాట "ఆక్యుపేషన్". స్వాధీనంలో ఉండటం. 2005 డిసెంబరు 13 నాటికి ఆ నేల నీ స్వాధీనంలో, నీ సాగులో ఉంటే అది హక్కు, నాలుగు హెక్టార్ల దాకా. "ఎన్‌క్రోచ్‌మెంట్" అనేది మనల్ని అడవి నుంచి వెళ్లగొట్టే వాళ్ల మాట. వాళ్ల మాట నా ఉత్తరంలోకి ఎట్లా వచ్చింది? పేపర్లో రోజూ చదివిన "పోడు ఆక్రమణలు" అనే హెడ్డింగు నుంచి వచ్చింది. అంటే ఇంగ్లీషులో తప్పు చేయడానికి ముందే నేను తెలుగులో తప్పు చేశాను. పెద్దయ్య మాటని అక్కడే పోగొట్టాను.

ఆ ఆఫీసులో గుమస్తా ఒకాయన నా ఉత్తరం చూసి నవ్వాడు. "ది" ఎక్కడ పెట్టాలో తెలియదట నాకు. ఆ నవ్వు చాలా రోజులు నా కడుపులో ముల్లులా ఉంది. ఇప్పుడు లేదు. ఎందుకంటే ఒక సంగతి అర్థమైంది. వ్యాకరణం తప్పితే నవ్వుతారు. మాట తప్పితే భూమి పోతుంది. మన బడి మొదటిదానికి భయపడటం నేర్పింది, రెండోదాని గురించి ఒక్క రోజు కూడా చెప్పలేదు.

* * *

ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చదివిన ప్రతి ఒక్కరూ గుర్తు చేసుకోండి. ఇంగ్లీషులో మనం రాసిన మొదటి ఉత్తరం ఏది? లీవ్ లెటర్. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్." నిద్రలో లేపి అడిగినా చెప్తాం. పరీక్షలో ఆ జ్వరానికి మార్కులు. ఎన్నిసార్లు జ్వరం తెచ్చుకున్నామో లెక్కలేదు.

నిజం జ్వరం కూడా వచ్చింది. వానాకాలం మా హాస్టల్లో వరసగా పిల్లలు పడిపోయారు. చలి, వణుకు, వాంతులు. మలేరియా అని మాకు తెలుసు, ఇంట్లో చూసిన రోగమే. రెండు రోజులు ఎవరూ రాలేదు. మేం పదో తరగతి. జ్వరం మీద ఇంగ్లీషులో ఉత్తరం రాయడం మా అందరికీ వచ్చు, కానీ ఆ ఉత్తరం అడిగేది సెలవు మాత్రమే. హాస్టల్‌కి నర్సుని పంపండి, రక్త పరీక్ష చేయించండి, దోమతెరలు ఎప్పుడు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి అని రాయడం మాలో ఒక్కరికి కూడా రాదు. రాయొచ్చని కూడా తెలియదు. మాకు జ్వరానికి లెటరు నేర్పారు, వైద్యానికి నేర్పలేదు.

ఇది ఒక్క టీచరు తప్పు కాదు. మన బళ్లలో ఇంగ్లీషు ఉత్తరం అంటే ఎట్లా ఉంటుందో చూడండి. సెలవు కావాలి, టీసీ కావాలి, స్కాలర్‌షిప్ ఇప్పించండి, బస్సు వేయించండి. అన్నీ దండం పెట్టి మొదలై దండం పెట్టి ముగుస్తాయి. "ఐ బెగ్", "కైండ్లీ", "ఒబీడియంట్లీ", "థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్". పని జరగక ముందే థాంక్స్! ఇవి తెల్లదొర కచేరీలో గుమస్తాలు నేర్చుకున్న మాటలు. దొరలు పోయారు, దండం మాత్రం సిలబస్‌లో ఉండిపోయింది. పట్నంలో పెద్ద బళ్ల పిల్లలకి డిబేట్లు, ఎస్సేలు, "వాట్ ఈజ్ యువర్ ఒపీనియన్" నేర్పుతారు. మన పిల్లలకి వంగడం నేర్పుతారు. ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే.

మర్యాద వద్దని నేను అనడం లేదు. మన పెద్దల దగ్గర కూర్చుని మాట్లాడటం నేర్చుకున్న వాళ్లం, మర్యాద మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ మర్యాద వేరు, అడుక్కోవడం వేరు.

* * *

మనకి ఇంగ్లీషు "సెకండ్ లాంగ్వేజ్" అంటారు. అబద్ధం. ఎవరికి సెకండు? మా ఇంట్లో కోయ. బడిలో తెలుగు. తర్వాత ఇంగ్లీషు. మనకి అది మూడో మెట్టు, రెండో మెట్టు ఎక్కేటప్పుడే సగం మంది కింద పడ్డారు.

ఒకటో తరగతిలో మా తమ్ముడు టీచరుని "ఏరు" అడిగాడు. కోయలో ఏరు అంటే నీళ్లు. దాహమేసి నీళ్లు అడుగుతున్నాడు వాడు. టీచరుకి కోయ రాదు. తెలుగులో ఏరు అంటే వాగు కదా, వాగుకి పోతానంటున్నాడు అనుకుని కూర్చోబెట్టాడు. నీళ్లు అడిగినందుకు దెబ్బలు తిన్నవాడు మళ్లీ నోరు తెరుస్తాడా? వాడు పెద్దయ్యాక కలెక్టరుకి ఇంగ్లీషులో ధైర్యంగా ఉత్తరం రాస్తాడా?

ఇది మార్చవచ్చని తెలియక కాదు. కొమరం భీం అమరుడైన తర్వాత 1940ల్లో మార్లవాయిలో గోండు యువకులకి టీచరు ట్రైనింగ్ ఇచ్చారు, గోండీలో వాచకాలు తయారు చేశారు. నిజాం కాలంలోనే అయిన పని అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండీ, కొలామీ, సవర, కువి లాంటి 8 భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వేశారు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఎన్ని బళ్లలో ఉన్నాయో మీ ఊరి బడికి పోయి మీరే చూడండి. షెడ్యూల్డ్ ఏరియా బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. పిల్లాడి "ఏరు" అర్థమయ్యే టీచరు ఆ జీవోతో వచ్చాడు. ఆ జీవో పోయింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. కింది మెట్టు తీసేసి పై మెట్టు మీదకి దూకమంటున్నారు. దూకలేక పడితే "ట్రైబల్ పిల్లలు వీక్ సార్" అంటారు.

* * *

ఇప్పుడు అసలు మాట. "ఇంగ్లీషులో రాసుకురా, అప్పుడు పైకి పంపుతా" అని ఏ ఆఫీసులోనైనా అంటే, అది చట్టం కాదు. అది ఆ కుర్చీ పొగరు.

రాజ్యాంగం 350వ అధికరణం చదవండి. కష్టం తీర్చమని ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది, కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా. అక్కడ ఇంగ్లీషు అని లేదు. అక్కడ ఎనిమిదో షెడ్యూలు అని కూడా లేదు. వాడుకలో ఉన్న భాష అని ఉంది. కోయ ఈ రాష్ట్రంలో వాడుకలో లేదా? గోండీ లేదా? కువి, సవర పక్క రాష్ట్రంలో లేవా?

సమాచార హక్కు చట్టం 2005, ఆరో సెక్షను చదవండి. దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఇవ్వొచ్చు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత ఆ అధికారిదే. ఎందుకు అడుగుతున్నావు అని కారణం అడిగే హక్కు కూడా వాళ్లకి లేదు.

అటవీ హక్కుల రూల్స్‌లో 13వ రూలు చదవండి. సాక్ష్యాల్లో పెద్దమనుషుల వాంగ్మూలం ఒకటి. క్లెయిము పెట్టినవాడు కాకుండా ఊరి పెద్ద ఎవరైనా చెప్పింది రాసి పెడితే అది సాక్ష్యమే. అంటే మా ఊరి ముసలమ్మ కోయలో చెప్పిన మాటకి చట్టంలో చోటుంది. ఆమె మాటకి చోటిచ్చిన చట్టాన్ని, ఆమె మనవడి ఇంగ్లీషు బాగాలేదని పక్కన పెడతారా?

భాష విషయంలో కోర్టులు కూడా పూర్తిగా మనదాకా రాలేదు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా వచ్చింది గుర్తుందా? గనులు, డ్యాములు వచ్చే చోట జనం మాట ఎంతవరకు వినాలో తేల్చే కాగితం అది. దాన్ని ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లోకి తర్జుమా చేయమని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న చెప్పింది. మంచి మాటే. కానీ ఆ 22లో మనవి ఎన్ని? సంతాలీ ఉంది, బోడో ఉంది. అవి కూడా 2003 సవరణతో వచ్చినవే. గోండీ లేదు, కోయ లేదు, కువి లేదు, సవర లేదు, కొలామీ లేదు. గని మన కొండ కింద, కాగితం మనకి రాని భాషలో. 1949లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసీ భాషల్ని కూడా ఆ జాబితాలో చేర్చమని అడిగాడు. ఆయన అడిగిన వాటిలో గోండీ ఉంది. ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఆ జైపాల్ సింగ్ ఏ భాషలో అడిగాడు? ఇంగ్లీషులో. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ముండా బిడ్డ ఆయన. 1946 డిసెంబరులో అదే సభలో "నేను జంగ్లీనే" అని చెప్పుకుంటూ, మా జాతికి ప్రజాస్వామ్యం మీరు నేర్పక్కర్లేదు, మా దగ్గరే నేర్చుకోండి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ ఇంగ్లీషులో ఎక్కడా "ఐ బెగ్" లేదు. నేను చెప్తున్న ఇంగ్లీషు అదే.

* * *

కొంతమంది పెద్దలు మనకి చెప్తుంటారు: "మాతృభాష గొప్పది బాబూ, ఇంగ్లీషు మోజు ఎందుకు?" అని. వాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అడగండి. మాతృభాష మన హక్కు, దాన్ని మన కాళ్లకి సంకెల చేయొద్దు.

ఇంగ్లీషు ఎందుకు కావాలో 2019 ఫిబ్రవరి చెప్పింది. ఆ నెల 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల క్లెయిములు తిరస్కరించబడిన వాళ్లని ఖాళీ చేయించమని రాష్ట్రాలకి ఆదేశం ఇచ్చింది. లక్షల కుటుంబాల బతుకు అది. ఆ కేసు కాగితాలన్నీ ఇంగ్లీషు. రాష్ట్రాలు వేసిన అఫిడవిట్లు ఇంగ్లీషు. "రిజెక్టెడ్" అనే ఒక్క మాట కింద ఎన్ని ఊళ్లు ఉన్నాయో, ఆ ఊళ్లలో ఒక్కరికీ తెలియదు. దేశమంతా మనవాళ్లు లేచాక 28న అదే కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపి, అసలు క్లెయిములు ఎట్లా తిరస్కరించారో చెప్పమని రాష్ట్రాల్ని అడిగింది. అప్పుడు ఊరూరా ఏం వెతికాం? కాగితం. తిరస్కరణ కాగితం ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, కారణం రాశారా? ఇచ్చి ఉండకపోతే, మేం అడిగామని రుజువు ఉందా? అడిగిన ఊళ్ల దగ్గర ముద్ర పడిన నకలు ఉంది. అడగని ఊళ్ల దగ్గర కన్నీళ్లు ఉన్నాయి. కన్నీళ్లకి ఫైలు నంబరు ఉండదు.

సుప్రీంకోర్టు పనంతా ఇంగ్లీషులోనే జరగాలని 348వ అధికరణం చెప్తోంది. అది మారేదాకా మనవాళ్లలో కొందరికి ఆ భాష చేతిలో గొడ్డలిలా ఉండాలి. గొడ్డలిని పూజించం, గొడ్డలికి దండం పెట్టం. పదును పెట్టి వాడతాం, పనయ్యాక గోడకి పెడతాం.

* * *

మరి ఎట్లా రాయాలి? నేను దెబ్బ తిని నేర్చుకున్నది చెప్తాను.

ముందు మన భాషలో వినండి. ఊరిలో కూర్చుని పెద్దలు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. "దున్నుకుంటున్నం" అంటే "కల్టివేటింగ్". దాన్ని "ఆక్రమణ" చేయకండి. "ఇది మా భూమి" అంటే అది "క్లెయిమ్", "రిక్వెస్ట్" కాదు. చట్టం వాడిన మాట ఏదో చూసి అదే వాడండి. ఆక్యుపేషన్, రికగ్నిషన్, కమ్యూనిటీ ఫారెస్ట్ రిసోర్స్. ఈ మాటలు ఓ ఇరవై నేర్చుకుంటే చాలు, షేక్‌స్పియర్ అక్కర్లేదు.

రెండోది, పని ఎవరు చేశారో రాయండి. ఆఫీసు ఇంగ్లీషులో కర్త ఉండడు. "ద క్లెయిమ్ వాజ్ రిజెక్టెడ్" అంటారు. ఎవరు చేశారు? దేవుడు చేశాడా? "హూ రిజెక్టెడ్ మై క్లెయిమ్? ఆన్ వాట్ డేట్? అండర్ విచ్ రూల్?" అని అడగండి. మూడు చిన్న ప్రశ్నలు. ఇందులో తప్పు పట్టే వ్యాకరణం లేదు, తప్పించుకునే దారీ లేదు. తిరస్కరిస్తే ఆ సంగతి క్లెయిముదారుకి నేరుగా తెలపాలని, అరవై రోజుల్లో పైకి పిటిషన్ పెట్టుకునే వీలు ఉండాలని 12ఏ రూలు చెప్తోంది. కాగితం ఇవ్వకపోతే ఆ అరవై రోజులు ఎట్లా లెక్కపెడతారు? అదే రాసి అడగండి.

మూడోది, ఒక ఉత్తరంలో ఒకటే సంగతి. మనం ఉత్తరం దొరికింది కదా అని రోడ్డు, కరెంటు, పింఛను, పోడు అన్నీ ఒకే కాగితంలో పెడతాం. వాళ్లు రోడ్డుకి జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. పోడుకి పోడు, రోడ్డుకి రోడ్డు.

నాలుగోది, "వియ్ ఆర్ పూర్ ఇల్లిటరేట్ పీపుల్" అని మొదలుపెట్టడం మానేయండి. పేదరికం చూసి ఇచ్చేది దానం. హక్కుకి పేదరికం సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ చోట సెక్షన్ నంబరు రాయండి, గ్రామసభ తీర్మానం తేదీ రాయండి, నేల నాలుగు హద్దులూ మన పేర్లతో రాయండి. ఏ వాగు, ఏ గుట్ట, ఏ ఇప్పచెట్టు.

అయిదోది, రెండు నకళ్లు. ఒకటి వాళ్లకి, ఒకటి మీకు. మీ నకలు మీద ముద్ర, తేదీ, సంతకం. "పైన ఇచ్చేయ్, చూస్తాం" అంటే కదలకండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఉత్తరంలో ఎంత మంచి ఇంగ్లీషు ఉన్నా, ముద్ర లేకపోతే అది చిత్తుకాగితం.

ఇప్పుడు కొందరు తమ్ముళ్లు ఫోనులో ఏఐని అడిగి ఉత్తరం రాయించుకుంటున్నారు. రాయించుకోండి, తప్పులేదు. కానీ అది కూడా మన బడి లాగే ముందు దండం పెడుతుంది, "ఐ హంబ్లీ రిక్వెస్ట్" అంటుంది. అడిగితే లేని సెక్షన్ కూడా ఉన్నట్టు రాస్తుంది. మీ వాగు పేరు దానికి తెలియదు. ప్రతి వాక్యం వేలు పెట్టి చదివి, మీకు అర్థం కానిది కొట్టేయండి. అర్థం కాని మాట కింద సంతకం పెట్టడం మన తాతలకి తప్పలేదు. చదువుకున్న మనకి ఆ ఖర్మ ఎందుకు?

* * *

చివరగా మనలో మనం. చదువుకున్న మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇప్పుడు సంస్థల్లో పనిచేస్తున్నారు, పీజీల్లో ప్రాజెక్టు రిపోర్టులు రాస్తున్నారు. సంతోషం. కానీ ఆ రిపోర్టులు చదివితే మంట పుడుతుంది. "విలేజర్స్ లాక్ అవేర్‌నెస్." ప్రతి రిపోర్టులో ఈ వాక్యం ఉంటుంది. ఏ గడ్డని ఎన్నిసార్లు ఉడకబెడితే చేదు పోతుందో తెలిసిన జనానికి అవేర్‌నెస్ లేదట! నోటీసు వాళ్ల భాషలో ఎవరూ చదవలేదు. అది రాయి. "నోబడీ రెడ్ ద నోటీస్ టు ద గ్రామసభ ఇన్ కోయ." అదే సంగతి, కానీ ఇప్పుడు వేలు అటు తిరిగింది. మొదటి వాక్యం రాస్తే ఊరికి ట్రైనింగ్ క్యాంపు వస్తుంది. రెండో వాక్యం రాస్తే ఆఫీసు జవాబు చెప్పాలి.

"బ్యాక్‌వర్డ్", "ప్రిమిటివ్", "సూపర్‌స్టిషన్" అని మనమే మన అమ్మల గురించి రాస్తున్నాం, సారు మార్కులు వేస్తాడని. రాసిన రిపోర్టు ఎక్కడికి పోతుంది? పట్నానికి. ఏ ఊరి గురించి రాశావో ఆ ఊరికి ఎప్పుడైనా తెచ్చి చదివి వినిపించావా? వినిపించే ధైర్యం ఉందా? నేను పెట్టుకున్న నియమం ఒకటే: మన ఊరి గురించి ఇంగ్లీషులో రాసిన ప్రతి ముక్కనీ ఊళ్లో మన భాషలో చెప్పగలగాలి. చెబితే పెద్దలు "అవును, మేం అన్నది ఇదే" అనాలి. అనకపోతే ఆ కాగితం చింపేయి.

మా పెద్దయ్య సంగతి చెప్పి ముగిస్తాను. రెండో ఉత్తరం రాశాం. ఈసారి నేనొక్కడినే కూర్చోలేదు. గ్రామసభలో కూర్చున్నాం. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు. ఒక్కో వాక్యం కోయలో చెప్పాను. "ఎన్‌క్రోచ్" కథ కూడా చెప్పాను, సిగ్గుపడుతూనే. పెద్దయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే నన్ను దొంగని చేసినవు గదరా" అన్నాడు. అందరూ నవ్వారు, నేను తల వంచుకున్నాను. ఆ ఉత్తరంలో దండాలు లేవు. తొమ్మిది వాక్యాలు, మూడు ప్రశ్నలు, ఒక తీర్మానం, రెండు వాంగ్మూలాలు, ఒక ముద్ర.

నెలన్నరకి తిరస్కరణ కాగితం చేతికొచ్చింది. మొదటిసారి కారణం కళ్లతో చూశాం: ఉపగ్రహ చిత్రంలో సాగు కనబడలేదట. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటి బదులు కాదని అదే 12ఏ రూలులో ఉంది. అరవై రోజుల్లోపే పిటిషన్ పెట్టాం. ఇంకా తేలలేదు. గెలుస్తామో లేదో చెప్పలేను. కానీ ఇప్పుడు జవాబు చెప్పాల్సింది వాళ్లు. మొదటి ఉత్తరం తర్వాత తల వంచుకుని తిరిగింది మేం.

తమ్ముడూ, చెల్లే! ఈ ఆదివారం మీ ఊళ్లో ఒక ఇంటికి పోండి. పెట్టెలో, చూరులో దాచిన కాగితాలు బయటికి తీయించండి. ఏ కాగితానికి జవాబు రాలేదో చూడండి. వాళ్ల మాట వినండి, మన భాషలో తిరిగి చెప్పండి, తర్వాత రాయండి. తెలుగులో రాయండి, ఇంగ్లీషులో రాయండి, 350వ అధికరణం పేరు పెట్టి కోయలో, గోండీలో కూడా రాయండి. "మాకు ఈ భాష రాదు" అని ఈసారి వాళ్లని అననివ్వండి.

ఇంగ్లీషు నేర్చుకుందాం, వంగడానికి కాదు. అడగడానికి!

జల్, జంగల్, జమీన్ మనవి. మన మాట కూడా మనదే.

జై ఆదివాసీ!